నిద్ర కూడా చదువులో భాగమే

కళాశాలలో ఆరోగ్యం అనగానే మనకు తోచేవి ఆటస్థలం, మంచినీరు, భోజనశాల, వైద్యుని గది. ఇవన్నీ అవసరమైనవే. కాని విద్యార్థి తన జీవితంలో మూడవవంతు గడపవలసిన స్థలం మరొకటి ఉన్నది. అది అతని పక్క. ఆ పక్కమీద అతడు ఎన్ని గంటలు గడుపుతున్నాడు, ఆ గంటలు రాత్రిలో ఏ భాగాన పడుతున్నాయి అనే ప్రశ్న మనం అరుదుగా వేస్తాం.

పైగా నిద్రను చదువుకు శత్రువుగా భావించడం మనలో చాలామందికి అలవాటు. "పరీక్షలు దగ్గరపడ్డాయి, ఇంకా నిద్రేమిట్రా?" అని ఇంట్లో పెద్దలు కోప్పడతారు. వసతిగృహంలో చీకటితోనే గంట కొట్టి పిల్లలను లేపుతారు. రాత్రి పది దాటినా చదువు గంట ముగియదు. ఈ శ్రమ అంతా చదువు కోసమే. అయితే చదివినదాన్ని మెదడులో నిలిపే పని కొంత నిద్రలోనే జరుగుతుందని గత నూరేండ్ల పరిశోధనలు చెబుతున్నవి. అదే నిజమైతే, నిద్రను తగ్గించి చదువు గంటలు పెంచడం, విత్తనపు గింజలు దంచుకొని తిని పంట కోసం ఎదురుచూడడం వంటిది. ఆ పరిశోధనల సారాన్ని, వాటినిబట్టి కళాశాలలు చేయదగిన మార్పులను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

నిద్రలో మెదడు విశ్రమిస్తుందా?

దీపం ఆర్పినట్లు నిద్రలో మెదడు ఆరిపోతుందని పూర్వం అనుకొనేవారు. ఆ ఊహను చెరిపివేసింది ఒక యంత్రం. జర్మనీలో యేనా నగరపు వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనిషి తలమీద లోహపు తీగెలు అమర్చి, మెదడులో పుట్టే అతి స్వల్పమైన విద్యుత్ తరంగాలను కాగితంమీద గీయించగలిగాడు. 1929లో ఆ సంగతి ప్రకటించాడు. మేలుకొని ఉన్నప్పుడు చిన్నవిగా, వడివడిగా ఉండే తరంగాలు గాఢ నిద్రలో పెద్దవిగా, నెమ్మదిగా మారుతాయి. తరంగాలు మారతాయే కాని ఆగిపోవు.

1953లో చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఎసెరిన్‌స్కీ అనే పరిశోధక విద్యార్థి, అతని గురువు నెథేనియల్ క్లైట్‌మన్ మరొక వింత ప్రకటించారు. నిద్రలో కొన్ని వేళల మూసిన రెప్పల కింద కనుగుడ్లు వేగంగా అటూ ఇటూ కదులుతాయి. ఆ సమయంలో మెదడు తరంగాలు దాదాపు మెలకువలో ఉన్నట్లే ఉంటాయి. అప్పుడు లేపితే చాలామంది "కల కంటున్నాను" అని చెబుతారు. దీన్ని మనం కలల నిద్ర అని పిలుచుకొందాం.

కాబట్టి రాత్రి నిద్ర ఒకే ముద్ద కాదు. తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర ఒకదాని తరువాత ఒకటి వచ్చి, సుమారు 90 నిమిషాలకు ఒక ఆవృత్తం పూర్తి అవుతుంది. ఒక రాత్రిలో ఇటువంటివి నాలుగైదు జరుగుతాయి. అయితే అన్ని ఆవృత్తాలు ఒకే తీరున ఉండవు. రాత్రి మొదటి సగంలో గాఢ నిద్ర ఎక్కువ. తెల్లవారే వేళకు కలల నిద్ర ఎక్కువ. ఎనిమిది గంటలు నిద్రపోవలసినవాణ్ణి ఆరు గంటలకే లేపితే అతడు పోగొట్టుకొనేది నిద్రలో నాలుగవవంతే అయినా, కలల నిద్రలో అంతకంటే చాలా పెద్ద భాగం పోతుంది. చీకటితో కొట్టే గంట తెంచేది ఈ భాగాన్నే.

నిద్రను నడిపే రెండు శక్తులు

మనకు నిద్ర ఎందుకు వస్తుంది? ఎప్పుడు వస్తుంది? దీనికి రెండు వేర్వేరు ఏర్పాట్లు ఉన్నవి.

మొదటిది నిద్ర ఒత్తిడి. మేలుకొని ఉన్నంతసేపు మెదడు కణాలు శక్తిని ఖర్చు చేస్తాయి. కణానికి శక్తిని అందించే నాణెం వంటి పదార్థం ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్. దీన్ని కండరాలలో కనుగొన్నవారిలో మన భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు కావడం మనకు గర్వకారణం. 1929లో అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో ఫిస్కేతో కలిసి ఆయన ఈ పని చేశారు. అదే ఏడు జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడు కూడా విడిగా దీన్ని కనుగొన్నాడు. ఈ నాణెం ఖర్చు అవుతున్న కొద్దీ ఎడినోసిన్ మిగులుతుంది. మెలకువ సాగినకొద్దీ అది మెదడులో పేరుకొని, కణాల పని మందగించేటట్లు చేస్తుంది. అదే మనకు మత్తుగా తెలుస్తుంది. నిద్రలో ఆ నిల్వ తగ్గిపోతుంది.

కాఫీ, టీలలోని కెఫీన్ చేసే మాయ ఇక్కడే ఉన్నది. ఎడినోసిన్ వచ్చి కూర్చోవలసిన పీటలమీద కెఫీన్ ముందుగా కూర్చుంటుంది. పీట దొరకక ఎడినోసిన్ తన సందేశం చెప్పలేదు. కాని అది ఎక్కడికీ పోదు. కెఫీన్ లేచిపోగానే కాచుకొని ఉన్నదంతా ఒక్కమారుగా మీద పడుతుంది. తాగిన కెఫీన్‌లో సగం శరీరంనుంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీలో సగం రాత్రి పదకొండింటికి కూడా మనతోనే ఉంటుందన్నమాట. అప్పు తీర్చవలసిన గడువును కాఫీ వాయిదా వేయగలదు. అప్పును మాత్రం తీర్చలేదు.

రెండవది జీవ గడియారం. 1729లో ఫ్రాన్సు దేశీయుడు మేరాన్, పగలు ఆకులు విప్పి రాత్రి ముడిచే ఒక మొక్కను చీకటిలో పెట్టి చూశాడు. సూర్యుడు కనపడకపోయినా అది వేళకు ఆకులు విప్పుతూ, ముడుస్తూనే ఉన్నది. మనుషుల సంగతి తెలుసుకొనేందుకు 1938లో క్లైట్‌మన్ తన విద్యార్థి ఒకరితో కలిసి అమెరికాలోని మేమత్ గుహలో 32 రోజులు గడిపాడు. 1960లలో జర్మనీలోని ఆండెక్స్ గ్రామంలో ఆషాఫ్, వేవర్ అనే శాస్త్రజ్ఞులు భూమి లోపల గదులు కట్టించి, గడియారం, సూర్యకాంతి, చప్పుడు ఏవీ తగలకుండా మనుషులను వారాల తరబడి ఉంచి పరిశీలించారు. మన దేశంలో మధురై కామరాజ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎం. కె. చంద్రశేఖరన్ గుహలలోని గబ్బిలాలమీద, కాలం తెలియని గదులలో ఉంచిన మనుషులమీద ఇటువంటి పరిశోధనలు జరిపించారు. వీటన్నిటి సారాంశం ఒకటే: కాలం చెప్పేవారు లేకపోయినా శరీరం తన దినచర్యను తానే నడుపుకొంటుంది. మనిషి గడియారానికి ఒక దినం ఖచ్చితంగా 24 గంటలు కాదు. సగటున మరికొన్ని నిమిషాలు ఎక్కువ. ఈ తేడాను రోజూ సరిచేసేది కాంతి, ముఖ్యంగా ఉదయపు వెలుగు.

ఈ గడియారం మెదడు అడుగుభాగంలో, రెండు కంటి నాడులు కలిసే చోటికి కొంచెం పైన, సుమారు 20,000 నాడీకణాల గుంపుగా ఉన్నది. చీకటి పడిన తరువాత దీని ఆజ్ఞవల్ల మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును రక్తంలోకి వదులుతుంది. రాత్రి అయినదని శరీరానికంతకు చాటింపు వేసేది ఇదే. కంటిమీద ప్రకాశమైన వెలుగు పడితే చాటింపు ఆలస్యమవుతుంది. కణాలలో ఈ గడియారం ఏ విధంగా తిరుగుతుందో జోరీగలకన్న చిన్నవైన పండ్ల ఈగలలో కనుగొన్నందుకు హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు అమెరికన్ శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించింది.

పదహారేండ్ల వయస్సులో గడియారం

ఇక్కడ ఉపాధ్యాయులు ప్రత్యేకంగా గుర్తించవలసిన సంగతి ఒకటి ఉన్నది. యుక్తవయస్సు వచ్చేసరికి ఈ గడియారం వెనక్కు జరుగుతుంది. చిన్నపిల్లలకంటె ఒకటి రెండు గంటలు ఆలస్యంగా మెలటోనిన్ చాటింపు మొదలవుతుంది. నిద్ర ఒత్తిడి కూడా ఆ వయస్సులో నెమ్మదిగా పేరుకొంటుంది. ఎనిమిదేండ్లప్పుడు అన్నం తింటూనే తూగిన పిల్లవాడు పదహారేండ్లకు రాత్రి పదకొండు వరకు చురుకుగా ఉండటానికి కారణం పొగరు కాదు, బద్ధకం అంతకంటే కాదు. ఇది శరీర ధర్మం. సుమారు 20 ఏండ్లవరకు ఈ ఆలస్యం పెరిగి, ఆ తరువాత క్రమంగా తగ్గుతుంది. అందుకే నలభై యాభై ఏండ్ల అధ్యాపకునికి సులభంగా వచ్చే తెల్లవారుజాము మెలకువ అతని విద్యార్థికి రాదు.

ఎంత నిద్ర కావాలి? 13నుంచి 18 ఏండ్లవారికి రోజుకు 8నుంచి 10 గంటలు, పెద్దవారికి కనీసం 7 గంటలు అవసరమని అమెరికాలోని నిద్ర వైద్యుల సంఘం నిర్ణయించింది. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. పదిహేడేండ్ల విద్యార్థికి రాత్రి పదకొండింటికి నిద్ర పట్టినది. వసతిగృహపు గంట ఐదింటికి మోగినది. దొరికింది ఆరు గంటలు. కనీసపు అవసరంలో రోజుకు రెండు గంటలు లోటు. నెలకు 60 గంటలు. అంటే ఎనిమిది గంటల నిద్ర గల రాత్రులు నెలకు ఏడున్నర పోయినట్లు. నెలలో ఏడు రోజులు భోజనం పెట్టని వసతిగృహాన్ని ఏ తల్లి అయినా సహిస్తుందా?

"పూర్వం పెద్దలు బ్రాహ్మీ ముహూర్తంలో లేచి చదువుకోలేదా?" అని కొందరు అడగవచ్చు. చదువుకున్నారు. అయితే వారు పడుకొన్నది ఎప్పుడు? ఆముదపు దీపం వెలుగు ఎంత? పొద్దుగూకిన తరువాత భోజనం చేసి, ఎనిమిది తొమ్మిది గంటలకే ఊరంతా మాటు మణిగేది. వెలుగు తక్కువైతే గడియారం ముందుకు జరుగుతుందనడానికి నేటి ప్రయోగమే ఉన్నది. 2013లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఎనిమిదిమంది పెద్దవారిని అమెరికాలోని రాకీ పర్వతాలలో విద్యుద్దీపాలు లేకుండా ఒక వారం గుడారాలలో ఉంచగా, వారి జీవ గడియారాలు సుమారు రెండు గంటలు ముందుకు జరిగాయి. కాబట్టి పెద్దల అలవాటులో తప్పు లేదు. మనం వారి లేచే వేళను నిలబెట్టుకొని, పడుకొనే వేళను వదిలేశాం. తప్పు అక్కడ ఉన్నది.

చదివినది ఎక్కడ నిలుస్తుంది?

1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెన్కిన్స్, డాలెన్‌బాక్ అనే ఇద్దరు ఒక సులభమైన ప్రయోగం చేశారు. ఇద్దరు విద్యార్థులకు అర్థంలేని పది అక్షర సముదాయాలు కంఠస్థం చేయించారు. కొన్ని దినాలు ఉదయం నేర్పి, పగలంతా మేలుకొని ఉన్న తరువాత అడిగారు. కొన్ని దినాలు రాత్రి నేర్పి, నిద్రపోనిచ్చి, లేపి అడిగారు. ఎనిమిది గంటల తరువాత, మేలుకొని ఉన్నప్పుడు పదింటిలో సుమారు ఒకటి మాత్రమే గుర్తున్నది. నిద్రపోయినప్పుడు సుమారు సగం గుర్తున్నవి. గడచిన కాలం ఒకటే. మరపు మాత్రం ఒకటి కాదు.

నిద్రలో కొత్త సంగతులు లోపలికి రావు కనుక పాతవి చెదరకుండా ఉన్నవని వారు భావించారు. కారణం అంతకంటే లోతైనదని తరువాత తెలిసింది. కొత్తగా నేర్చినది మొదట మెదడు లోపల హిప్పోకాంపస్ అనే భాగంలో తాత్కాలికంగా నిలుస్తుంది. దుకాణదారుడు పగలంతా చిత్తు పుస్తకంలో రాసుకొన్నవి రాత్రి పద్దుల పుస్తకంలోకి ఎక్కించినట్లు, గాఢ నిద్రలో ఆ సంగతులు మెదడు పైపొరలోకి చేరుతాయి. 1994లో విల్సన్, మెక్‌నాటన్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకల మెదడులో దీని జాడను చూశారు. ఎలుక పగలు దారులలో తిరిగేటప్పుడు కలిసి పనిచేసిన కణాలే, ఆ తరువాత అది నిద్రపోయినప్పుడు మళ్లీ కలిసి పనిచేశాయి. ఎలుక నడచిన దారినే నిద్రలో మెదడు మరల వల్లె వేసినట్లున్నది.

రాత్రంతా మేలుకొని చదివినవానికి రెండు నష్టాలు. చిత్తు పుస్తకం నిండిపోయి కొత్త సంగతి పట్టదు. పట్టినదైనా పద్దుల పుస్తకంలోకి ఎక్కదు.

కళాశాల విద్యార్థుల మార్కులమీద దీని ప్రభావం ఎటువంటిది? అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఒక రసాయనశాస్త్రపు తరగతిలో 88 మంది విద్యార్థుల చేతికి నిద్రను కొలిచే పట్టీలు కట్టి పరిశీలించి, ఫలితాలను 2019లో ప్రకటించారు. ఎక్కువసేపు, రోజూ ఒకే తీరున నిద్రించినవారికి మార్కులు ఎక్కువగా వచ్చినవి. పరీక్షకు ముందు ఒక్క రాత్రి నిద్రకు మార్కులతో సంబంధం కనపడలేదు. పరీక్షకు ముందటి వారం, ముందటి నెల నిద్రకు మాత్రం సంబంధం కనపడినది. ఇందులో ఒక జాగ్రత్త అవసరం. రెండు విషయాలు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండవదానికి కారణమని రుజువు కాదు. శ్రద్ధగల విద్యార్థి అటు నిద్రలోను ఇటు చదువులోను క్రమంగా ఉండవచ్చు. అయినా పై ప్రయోగాలతో కలిపి చూస్తే దీని భావం స్పష్టమే. చదువు వలెనే నిద్రను కూడా చివరి రాత్రికి వాయిదా వేయరాదు.

తెలియకుండా పెరిగే బాకీ

"నాకు ఆరు గంటలు అలవాటైపోయినది" అనేవారు ఎందరో ఉంటారు. ఆ మాటను పరీక్షించిన ప్రయోగం 2003లో ప్రకటితమైనది. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన పెద్దవారిని జట్లుగా విభజించి, 14 రాత్రులపాటు ఒక జట్టుకు ఎనిమిది గంటలు, ఒకదానికి ఆరు, మరొకదానికి నాలుగు గంటలు పడకనిచ్చారు. రోజూ వారి మెలకువను, చురుకుదనాన్ని కొలిచారు. ఎనిమిది గంటలవారిలో పెద్దగా మార్పు లేదు. ఆరు, నాలుగు గంటల జట్లవారు మాత్రం రోజురోజుకు మందగిస్తూ పోయారు. రెండు వారాలు పూర్తి అయ్యేసరికి వారి స్థితి ఒకటి రెండు రాత్రులు అసలే నిద్రపోనివారి స్థితికి చేరినది. దీనికంటె ముఖ్యమైనది మరొకటి. "ఎంత మత్తుగా ఉన్నది?" అని అడిగితే, వారు కొద్దిగానే ఉన్నదన్నారు. శక్తి తగ్గినది, తగ్గినదనే తెలివి కూడా దానితోపాటే తగ్గినది. అలవాటు పడినది శరీరం కాదు, మన అంచనా.

నిద్రలేమి మెదడుతో ఆగదు. పెరుగుదలకు కావలసిన హార్మోను రాత్రి గాఢ నిద్రలోనే ఎక్కువగా విడుదల అవుతుంది. 2015లో ప్రకటించిన ఒక ప్రయోగంలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులలో జలుబు కలిగించే వైరస్ చుక్కలు వేశారు. ఏడు గంటలకు మించి నిద్రించినవారితో పోల్చితే ఆరు గంటలకంటె తక్కువ నిద్రించినవారికి జలుబు చేసే అవకాశం నాలుగు రెట్లకు పైగా ఉన్నది. వసతిగృహంలో ఒకరికి వచ్చిన జలుబు గదులన్నీ తిరగడంలో ఇరుకుదనానికి ఎంత పాత్ర ఉన్నదో, నిద్రలేమికి కూడా ఉండవచ్చు.

మనస్సు విషయం ఇంకా సున్నితమైనది. నిద్ర తగ్గితే చిరాకు, దిగులు పెరుగుతాయి. దిగులు పెరిగితే నిద్ర మరింత దూరమవుతుంది. దూరాన, ఇంటికి బయట, పోటీ మధ్య ఉన్న పిల్లల విషయంలో ఈ వలయం ప్రమాదకరం. నిద్రపట్టని రాత్రులు రెండు వారాలు సాగినా, లేదా ఎప్పుడూ నిద్రమత్తులో ఉంటూ దేనిమీదా ఆసక్తి లేకపోయినా, అది బద్ధకమని మందలించరాదు. మాట్లాడాలి, వైద్యునికి చూపాలి. బతకాలని లేదన్న మాట నోట వస్తే రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగరాదు. ఇటువంటివారికోసం కేంద్ర ప్రభుత్వం 2022లో టెలీ మానస్ అనే ఉచిత దూరవాణి సేవను ప్రారంభించింది. దాని సంఖ్య 14416. ఆ సంఖ్య ప్రతి వసతిగృహపు గోడమీద ఉండదగినది.

అన్నగారికి కాపలాగా లక్ష్మణుడు వనవాసంలో పద్నాలుగేండ్లు నిద్రపోలేదనీ, ఆ నిద్రనంతా అంతఃపురంలో ఊర్మిళాదేవి నిద్రించినదనీ మన స్త్రీలు పాడుకొనే కథ ఉన్నది. ఆ కథలో ఒక గొప్ప సత్యం దాగి ఉన్నది. దేవతలతో ఒప్పందం చేసుకొన్న లక్ష్మణునికి కూడా నిద్ర బాకీ కొట్టివేయబడలేదు. దాన్ని మరొకరు తీర్చవలసి వచ్చినది. మన విద్యార్థులకు బదులు నిద్రించే ఊర్మిళ లేదు.

ఉపాధ్యాయుని రాత్రి

నిద్ర గురించి విద్యార్థులకు మాత్రమే చెప్పి ఊరుకొంటే సగం పనే అవుతుంది. తెల్లవారుజాము చదువు గంటకు వచ్చే అధ్యాపకుడు, రాత్రి చదువు గంట ముగిసేదాకా ఉండే వార్డెను, వంటశాలలో నాలుగింటికే పొయ్యి వెలిగించే వంటమనిషి, రాత్రి కాపలాదారు కూడా ఆ ప్రాంగణంలోనివారే.

1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే శాస్త్రజ్ఞులు 17 గంటలు వరుసగా మేలుకొన్నవారి చేతి నేర్పును కొలిచారు. అది రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారి నేర్పుతో సమానంగా ఉన్నది. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం అనుమతించిన హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అనగా 0.03 శాతం. ఐదింటికి లేచిన అధ్యాపకునికి రాత్రి పదింటికి 17 గంటలు నిండుతాయి. అప్పుడు ఆయన స్కూటరుమీద ఇంటికి బయలుదేరుతారు. ఆ ప్రయోగంలో 17వ గంట అర్ధరాత్రి దాటిన తరువాత వచ్చినది. ఆ వేళ జీవ గడియారం కూడా నిద్రవైపే లాగుతుంది. కనుక పదింటికి ఇదే అంకె అక్షరాలా వర్తించదు. కాని రోజుల తరబడి బాకీ పేరుకొన్నవానికి ఆ భరోసా కూడా తక్కువే. నిద్రలేని ఉపాధ్యాయుని ఓర్పు ఎంత పలుచబడుతుందో మాత్రం ప్రయోగశాల అవసరం లేకుండానే ప్రతి తరగతికి తెలుసు.

కళాశాల ఏమి చేయవచ్చు?

నిద్ర విషయంలో సలహా ఒక్కటే చాలదు. "త్వరగా పడుకో" అని గోడమీద రాసి, దాని పక్కనే ఐదింటి గంట కొడితే ఆ రాతకు విలువ ఉండదు. ప్రాంగణంలో నిద్రను నిర్ణయించేది వేళల పట్టిక. కనుక చికిత్స కూడా అక్కడే మొదలు కావాలి.

అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 2014లో, ఉన్నత తరగతుల బడులు ఉదయం ఎనిమిదిన్నరకు ముందు మొదలు కారాదని సూచించింది. సియాటిల్ నగరం 2016లో తన ఉన్నత పాఠశాలల వేళను 7–50నుంచి 8–45కు జరిపినది. "అయితే పిల్లలు మరింత ఆలస్యంగా పడుకొంటారు" అని పెద్దలు శంకించేదే. రెండు పాఠశాలల విద్యార్థుల చేతులకు పరికరాలు కట్టి కొలవగా, నిద్ర రోజుకు 34 నిమిషాలు పెరిగినట్లు తేలినది. కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో ఇటువంటి వేళను చట్టం చేయగా, అది 2022లో అమలులోకి వచ్చినది.

మన వసతి కళాశాలలలో రాత్రి చదువు గంట తొమ్మిదిన్నరకు ముగిసి, పదింటికి గదులలో పెద్ద దీపాలు ఆరి, ఉదయం గంట ఆరున్నరకు మోగితే, పదిన్నరకు నిద్రపట్టిన విద్యార్థికి ఎనిమిది గంటలు దక్కుతాయి. ఇందుకు పోయేది తెల్లవారుజామున తూగుతూ చదివే ఒక గంట, గంటన్నర మాత్రమే. తల్లిదండ్రులకు నమ్మకం లేకపోతే ఒక నెల ప్రయత్నించి చూపవచ్చు. ముందు నెల, ఆ నెల పరీక్షల మార్కులను, జబ్బుతో రాని రోజులను పక్కపక్కన పెట్టి చూస్తే సరి.

తక్కినవి చిన్న చిన్న ఏర్పాట్లు. పడుకొనే ముందు గంటసేపు ఫోను తెరను పక్కన పెట్టాలి. దాని వెలుగు కంటే దానిలోని విషయమే మెదడును ఎక్కువగా మేలుకొల్పవచ్చు. ఉదయపు ప్రార్థనను హాలులో కాక ఆరుబయట జరిపితే ఎండ వెలుగు గడియారాన్ని సరిచేస్తుంది. నిద్రపట్టాలంటే శరీరం లోపలి ఉష్ణోగ్రత కొంచెం తగ్గాలి. మన వేసవిలో పగలంతా కాగిన శ్లాబు రాత్రి వేడిని గదిలోకి వదులుతుంది. కప్పుకు తెల్లసున్నం వేయించడం, ఎదురెదురు కిటికీలు తెరచి ఉంచడం, మంచానికి దోమతెర, నల్లులు లేని పరుపు, ఇవన్నీ కూడా చదువుకు అయ్యే ఖర్చులే. నాలుగింటి తరువాత టీ, కాఫీలు మానాలి. మధ్యాహ్నం కునుకు ఇరవై నిమిషాలు దాటకపోతే మేలు చేస్తుంది. సాయంత్రం గంటసేపు పడుకొంటే రాత్రి నిద్ర చెడుతుంది. ఆదివారం మధ్యాహ్నందాకా పడుకొనేవాని గడియారం సోమవారం పొద్దున వేరే దేశంలో దిగినవాని గడియారంలా ఉంటుంది. సెలవునాడైనా లేచే వేళ ఒక గంటకు మించి మారకుండా చూసుకోవాలి.

అధ్యాపకుల విషయంలో ఒక్క నియమం చాలు. రాత్రి చదువు గంట చూసినవారికి మరునాటి మొదటి తరగతి ఉండరాదు.

తరగతిలో ఒక పరిశీలన

దీన్నంతా నమ్మమని చెప్పడం కన్న, విద్యార్థుల చేతనే పరీక్షింపజేయడం మంచిది. ప్రతి విద్యార్థి 14 రోజులు ఒక కాగితంమీద నాలుగు సంగతులు రాయాలి: పక్కమీద చేరిన వేళ, నిద్రపట్టినదని తోచిన వేళ, లేచిన వేళ, ఆ రోజు తరగతిలో ఎన్నిమార్లు తూగు వచ్చినది. పేరు రాయనక్కరలేదు. చివర తరగతి సగటు తీసి, చదరపు గళ్ల కాగితంమీద రేఖాపటం గీయాలి. బడి ఉన్న రోజులకు, సెలవులకు వేర్వేరు సగటులు తీయాలి. సెలవునాడు నిద్ర రెండు మూడు గంటలు ఎక్కువైతే, అది సోమరితనం కాదు, వారం రోజుల బాకీ వసూలు.

మరొకటి. ఒక అడుగు బద్దను ఒకరు నిలువుగా పట్టుకొని హఠాత్తుగా వదలాలి. రెండవవాడు బొటనవేలు, చూపుడువేలు మధ్య దాన్ని పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్లు జారినదో రాసుకోవాలి. జారిన దూరంనుంచి పట్టిన కాలాన్ని భౌతికశాస్త్రంలోని పడే వస్తువుల సూత్రంతో లెక్కకట్టవచ్చు. ఇరవై సెంటీమీటర్లకు సుమారు ఐదవవంతు సెకను. బాగా నిద్రించిన మరునాడు, సరిగా నిద్రలేని మరునాడు పదేసిమార్లు కొలిచి సగటులను పోల్చాలి. భౌతికశాస్త్రం, గణితం, శరీరశాస్త్రం మూడూ ఒక్క అడుగు బద్దలో కలుస్తాయి.

ఆ రేఖాపటాన్ని తరగతి గోడకు తగిలించి ఊరుకోక, ప్రధానోపాధ్యాయుని గదికి, వసతిగృహపు వార్డెనుకు, తల్లిదండ్రుల సభకు కూడా చేర్చాలి. గంట కొట్టే వేళను నిర్ణయించేవారు వారే. ఆ వేళను ఒక గంట జరపడానికి కొత్త భవనం అక్కరలేదు, కొత్త నిధులు అక్కరలేదు. కావలసినది పిల్లల నిద్రను కూడా పాఠ్యాంశంగా లెక్కించే మనస్సు మాత్రమే.